దొరసాని ఇచ్చిన తమలపాకు

ఈ రోజుల్లో మాటలు రాని పిల్లలకి ఆ బొమ్మ చూపించినా గుండె మీద చెయ్యేసుకుంటారు. బస్సుల వెనక, పెన్సిలు డబ్బాల మీద, పుట్టినరోజు కేకుల మీద, ఎక్కడ చూసినా అదే బొమ్మ. మా రోజుల్లో పల్నాటిలో ఆ ఆకారం ఎవరికి చూపించినా ఒక్కటే మాట అనేవాళ్ళు: తమలపాకు. పైన రెండు బుజాలు, కింద మొన, ఇంకేం కావాలి? గుండె అంటే ఒంట్లో ఎక్కడో దడదడలాడే వస్తువే తప్ప, దానికొక బొమ్మ ఉంటుందని మాలో ఎవరికీ తెలియదు. నా పెళ్ళి ఆ తెలియకపోవడం వల్లనే జరిగింది. కనీసం ముప్ఫై ఏళ్ళపాటు నేను అలాగే నమ్మాను.

అప్పటికి యుద్ధం ముగిసింది, స్వరాజ్యం ఇంకా రాలేదు. మేం నరసరావుపేటలో ఉండేవాళ్ళం. నాన్న ఒక ప్లీడరు గారి దగ్గర గుమాస్తా. స్కూలు ఫైనలు పూర్తిచేసి తీరతానని నేను మొండికెయ్యడం వల్ల పద్దెనిమిది నిండినా ఇంట్లోనే ఉన్నాను. ఆ రోజులకి అది ముదురు వయసే. పక్కింటి పిన్ని నన్ను చూసినప్పుడల్లా "ఏమే, ఇంకా ఇక్కడే ఉన్నావా?" అని పలకరించేది, నేనేదో రైలు తప్పిపోయినట్టు. నాకు ఒళ్ళు మండేది. అందుకే మధ్యాహ్నాలు ఇంట్లో ఉండకుండా మిషను బంగళాకి లేసు అల్లిక నేర్చుకోవడానికి పోయేదాన్ని.

అక్కడ ఒక ముసలి దొరసాని ఉండేది. తెలుగు బాగానే మాట్లాడేది, కాకపోతే బైబిలు చదివి నేర్చుకున్న తెలుగు. "దాహముగా ఉన్నది, నీళ్ళు దయచేయుము" అనేది. ఆ చలికాలం ఆవిడ వాళ్ళ దేశానికి తిరిగి వెళ్ళిపోవడానికి సామాను సర్దుకుంటోంది. నా ఇంగ్లీషు దస్తూరీ గుండ్రంగా ఉంటుందని పెట్టెల మీద చీటీలు రాయడానికి నన్ను లోపలికి పిలిచింది. మిగతా ఆడవాళ్ళంతా వరండాలో, నేనొక్కదాన్నే లోపల. నా గర్వం అంతా ఇంతా కాదు.

ఒక పెట్టె అడుగున పాత శాలువాలో చుట్టిన పుస్తకం ఉంది. మా ఇంట్లో పీటంత వెడల్పు.

"ఇది మా అమ్మమ్మది. మిక్కిలి పాతది. నెమ్మదిగా తెరువుము," అంది దొరసాని.

అప్పటిదాకా నేను చూసిన బొమ్మలంటే కొట్లో వేలాడే క్యాలెండర్లు, అగ్గిపెట్టె మీది బొమ్మలు, దేవుడి పటాలు. ఈ పుస్తకంలో ఒక్కొక్క పేజీకి ఒక్కొక్క బొమ్మ అంటించి ఉంది. నల్ల సిరా, తెల్ల కాగితం, అంతే. ఒక ఏటి ఒడ్డున నీటి మర, దాని పక్కన వంతెన, వంతెన మీద ఒక ఆవు, ఆవు వెనక గొడుగు పట్టుకున్న ఆడమనిషి. దొరసాని నా చేతికి భూతద్దం ఇచ్చింది. కన్ను పెట్టి చూశాను. ఆకాశం మొత్తం గీతలే. నీళ్ళూ గీతలే. ఆవు ఒళ్ళంతా గీతలే. కానీ ఆకాశం గీతలు చూస్తే వానొచ్చేట్టుంది, నీళ్ళ గీతలు చూస్తే చెయ్యి పెట్టాలనిపిస్తోంది. "ఇన్ని గీతలు ఎవరు గీశారండీ? ఎలా గీశారండీ? చెయ్యి వణకలేదా?" అని వరసపెట్టి అడిగాను. ఆవిడకి తెలియదట. మూడు వందల బొమ్మలున్నా తెలియదట! నాకు కోపం కూడా వచ్చింది.

పుస్తకం వెనక సగంలో బొమ్మలు కాదు, కార్డులు. అవి చూసి నాకు నిజంగానే నోట మాట రాలేదు. నేను నోరు మూసుకోవడం మా వీధిలో ఒక విశేషం. కాగితంలోనే లేసు! మేం దారంతో నెలల తరబడి అల్లేది వాళ్ళు పలచటి కాగితంలో కోసి పెట్టారు. ఒక కార్డు మీద చిన్న కాగితం తలుపు ఉంది, గోటితో లాగితే తెరుచుకుని లోపల ఇద్దరు మనుషులు నిలబడి ఉన్నారు. ఇంకో దాంట్లో కింద పట్టీ లాగితే పువ్వు విచ్చుకుంటుంది. విచ్చుకున్న పువ్వులో అద్దం ముక్క, అద్దంలో నా మొహం! నేను పట్టీ లాగడం, పువ్వు మూయడం, మళ్ళీ లాగడం. దొరసాని ఊరుకుంది గానీ ఇంకెవరైనా అయితే చెయ్యి మీద ఒకటి వేసేవాళ్ళు.

చివర్లో ఉంది నేను చెప్పే కార్డు. చుట్టూ తెల్ల లేసు, మధ్యలో ఎర్ర మఖమల్ గుడ్డతో కోసి అంటించిన ఆకు. ఆకుకి అడ్డంగా ఒక పుల్ల గుచ్చి ఉంది. దాని కింద రెండు చేతులు, ఒకటి మగ చెయ్యి, ఒకటి ఆడ చెయ్యి, ఒకదాన్నొకటి పట్టుకుని. పైన జంట పావురాలు. అడుగున మెలికలు తిరిగిన ఇంగ్లీషు అక్షరాల్లో రెండు లైన్లు. ఆ మెలికలు చదవడం స్కూలు ఫైనలు దాటిన నా వల్ల కూడా కాలేదు.

"మీ దేశంలో కూడా తాంబూలం ఉందాండీ?" అని అడిగాను.

"తాంబూలము ఎక్కడ ఉన్నది?"

"ఇదిగో. లవంగం గుచ్చిన తమలపాకు."

దొరసాని కళ్ళజోడు తీసి నన్ను చూసింది. "ఇది ఆకు కాదు. ఇది హృదయము. ఇది బాణము," అంది.

"హృదయం ఇట్లా ఉండదండీ. మా సైన్సు పుస్తకంలో చూశాను. మామిడికాయలా ఉంటుంది."

ఆవిడ నవ్వింది చూడండి, ఆ నవ్వుకి వరండాలో ఆడవాళ్ళు అల్లికలు వదిలేసి కిటికీ దగ్గరకొచ్చారు. తర్వాత తలుపు దగ్గరగా వేసి సంగతి చెప్పింది. వాళ్ళ దేశంలో ఫిబ్రవరి నెల నడుమ ఒక రోజున, మనసైన మనిషికి ఇలాంటి కార్డు పంపుతారట. ఆ రోజుకి ఏదో సాధువు పేరు చెప్పింది, నాకు నోరు తిరగలేదు. "పంపినవారు పేరు వ్రాయరు. అందుకొనినవారు ఊహించుకొనవలెను," అంది. ఆ రెండు లైన్లూ చదివి తెలుగులో చెప్పింది: "నా హృదయము నీ యొద్దనే ఉన్నది. నీ చెయ్యి నాకు దయచేయుము."

పేరు రాయరు! మా వీధిలో ఎవరింట్లో ఏం కూరో కూడా దాగదు. అలాంటిది, మనసులో మాట చెప్పి పేరు చెప్పకుండా తప్పించుకునే దారి ఒకటి లోకంలో ఉందని తెలిసి నా చెవులు వేడెక్కిపోయాయి. పుస్తకం సగం చెదలు తినేసింది, అంత దూరం మోసుకుపోయి లాభం లేదంటూ దొరసాని నాకు నీటి మర బొమ్మా, ఐదు కార్డులూ ఊడదీసి ఇచ్చింది. ఆ ఐదింట్లో తమలపాకు కార్డు మాత్రం తీసుకోమని ఆవిడ అనలేదు. నేనే అడిగి తీసుకున్నాను.

ఇంటికి వెళ్తూ దారిలో బజారులో ఆగాను. అక్కడ రాగి బిందెల మీద పేర్లు చెక్కే సాయిబు ఒకాయన కూర్చునేవాడు. మా ఇంట్లో ప్రతి చెంబు మీద, ప్రతి మూత మీద ఉన్న అక్షరాలు ఆయన చేతివే. గీతల సంగతి గీతలు చెక్కేవాడికే తెలియాలి కదా అని నీటి మర బొమ్మ ఆయన ముందు పెట్టాను. ఆయన ఉలి కింద పెట్టి, చేతులు లుంగీకి తుడుచుకుని, బొమ్మని ఎండకి ఏటవాలుగా పట్టుకుని చానాసేపు చూశాడు. వేలి కొనతో తాకాడు.

"బేటీ, ఇది కలంతో గీసింది కాదు. ఇది నా పనే," అన్నాడు.

"మీ పనేంది సాయిబు గారూ?"

"రాగి రేకు మీద చెక్కారు. చెక్కిన సందుల్లో మసి పూశారు. పైన తుడిచారు. తడి కాగితం ఏసి గట్టిగా అదిమారు. ఇదిగో, తాకి చూడు, గీత పైకి లేచి ఉంది."

తాకాను. నిజమే, వేలికి గరుకుగా తగిలింది. అంతలోనే ఆయన ఊరుకోకుండా, బాగుచేయమని ఎవరో ఇచ్చిన రాగి మూత ఒకటి తీశాడు. దాని మీద పేరు చెక్కి ఉంది. ఆముదంలో మసి కలిపి రాసి, గుడ్డతో తుడిచి, తడిపిన కాగితం వేసి గరిటె వెనకతో రుద్దాడు. కాగితం తీశాడు. అక్షరాలు పడ్డాయి! కానీ కుడి నుంచి ఎడమకి, తిరగబడి.

"చూశావా? ఉల్టా పడుద్ది. అందుకని వాళ్ళు ముందే ఉల్టా చెక్కారన్నమాట. ఆవు అటు పోవాలంటే రేకు మీద ఇటు పోవాల. వంతెనా ఉల్టా, గొడుగూ ఉల్టా. అల్లా, ఎంత ఓపిక!" అన్నాడు. పాతికేళ్ళుగా చెక్కుతూ ఒక్కసారీ అచ్చు తీసి చూసుకోలేదని ఆయన తనలో తనే నవ్వుకున్నాడు. ఆ కాగితం నాకివ్వలేదు, ఇంట్లో చూపించాలని జేబులో పెట్టుకున్నాడు. నేను ఇంటిదాకా పరిగెత్తినంత పనిచేశాను.

నీటి మర బొమ్మకి అద్దం కట్టించి ముందు గదిలో తగిలించాను. వారం తిరక్కుండా గురజాల నుంచి పెళ్ళిచూపులకి వచ్చారు. అబ్బాయి అక్కడి బడిలో డ్రాయింగు మాస్టారు. వాళ్ళ నాన్న, నాయనమ్మ, పద్నాలుగేళ్ళ చెల్లెలు, అందరూ బొగ్గుతో నడిచే బస్సులో దిగారు. మొహాల నిండా మసి. అబ్బాయి కూర్చోగానే నన్ను చూడలేదు, గోడ చూశాడు. లేచి బొమ్మ దగ్గరకి వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని, మొహం అద్దానికి ఆనించేటంత దగ్గరగా చూశాడు.

"ఇది ఎట్లా చేస్తారో తెలుసా?" అని అడిగాడు. ఎవర్ని అడిగాడో నాకు తెలియదు. గదిలో పదిమంది ఉన్నారు.

జవాబు చెప్పింది మాత్రం నేనే. రాగి రేకు, ఉలి, మసి, ఆముదం, తడి కాగితం, అన్నీ చెప్పాను. ఉల్టా సంగతి చెప్పాను. ఆవు అటు పోవాలంటే ఇటు చెక్కాలని చేతులు తిప్పి చూపించాను. బొమ్మ దగ్గరకెళ్ళి తాకమన్నాను కూడా, అద్దం ఉందని మర్చిపోయి. ఆయన నవ్వాడు. పన్ను మీద పన్ను ఉంది. నాకు ఆ పన్నుతో సహా అన్నీ నచ్చేశాయి. దాచుకోవడం ఎందుకు.

అప్పుడు చూశాను, గదిలో అందరూ నన్నే చూస్తున్నారు. వాళ్ళ నాన్న కండువా దులుపుకుని లేచాడు. "పిల్ల బాగానే మాట్లాడుద్ది," అన్నాడు. అది మెప్పు కాదని పసిపిల్లలకీ తెలుస్తుంది. పోతూ పోతూ ఆ చెల్లెలు మాత్రం గూట్లో నిలబెట్టిన నా కార్డులన్నీ తిరగేసి, "అక్కా, నాకొకటి ఇయ్యవా?" అని అడిగింది. తర్వాత పంపిస్తానన్నాను. వాళ్ళు బస్సెక్కారు.

"ఏందే ఆ వాగుడు?" అన్నాడు నాన్న. "పెళ్ళిచూపులకి కూర్చున్నావా, పాఠం చెప్పడానికి కూర్చున్నావా?"

గురజాల నుంచి వారం రోజులు చూశాం, ఉత్తరం లేదు. పది రోజులు, లేదు. ఈలోపు శావల్యాపురం నుంచి ఇంకో సంబంధం వచ్చింది. మంచి రైతు కుటుంబం. మనిషి కూడా చెడ్డవాడేం కాదు. నీటి మర కిందే కూర్చున్నాడు గానీ ఒక్కసారి కూడా తల ఎత్తి చూడలేదు. నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: "గేదె పాలు పిండటం వచ్చా?" వచ్చని చెప్పాను, అబద్ధం ఎందుకు. అక్కడే వచ్చింది చిక్కు. వాళ్ళకి నేను నచ్చాను. శివరాత్రి వెళ్ళిన మర్నాడు తాంబూలాలు పుచ్చుకుందామని నాన్న మాటిచ్చేశాడు.

ఇంక పన్నెండు రోజులుంది. ఆడపిల్ల నోరు తెరిచి "నాకు గురజాల మాస్టారు కావాలి" అనే కాలం కాదు అది. అంటే మా అమ్మ బావి దగ్గరకి పోయేది, నీళ్ళ కోసం కాదు. నా చేతిలో ఉన్నదల్లా ఐదు కార్డులు. అప్పుడు గుర్తొచ్చింది, పంపినవారు పేరు వ్రాయరు, అందుకొనినవారు ఊహించుకొనవలెను. అది ఫిబ్రవరి నెల కూడాను!

కవరు మీద ఆ చెల్లెలి పేరు రాశాను. లోపల చీటీ పెట్టాను: "నువ్వడిగిన బొమ్మ పంపుతున్నాను. ఇంట్లో అందరికీ చూపించు." 'అందరికీ' కింద రెండు గీతలు గీశాను. తమలపాకు కార్డుని ఆఖరిసారి చూసుకుని కవర్లో పెట్టి, కోర్టు దగ్గరున్న పోస్టు డబ్బాలో వేశాను. అది లోపల పడిన చప్పుడు వినపడగానే డబ్బాలో చెయ్యి పెట్టి వెనక్కి తీద్దామని చూశాను. మోచెయ్యి దాకా కూడా పోలేదు. ఆ మాస్టారికి అర్థమైతే ఏమనుకుంటాడు? అర్థం కాకపోతే ఏం చెయ్యాలి? వాళ్ళ నాన్నకి అర్థమైతే? ఆ పన్నెండు రోజులు వీధిలో సైకిలు గంట మోగితే చాలు, చేతిలో ఏది ఉంటే అది జారిపోయేది. రెండు గిన్నెలు సొట్టపోయాయి.

జవాబు రాలేదు. శివరాత్రి వచ్చేసింది.

కోటప్పకొండ తిరునాళ్ళంటే ఆ రోజు పేటలో కాలు పెట్టడానికి చోటుండదు. తెల్లారకముందు నుంచే బండ్లు. డప్పులు, గజ్జెలు, ఎద్దుల కొమ్ములకి కుచ్చులు, ఒక్కో ఊరివాళ్ళు వెదురు బొంగులతో కట్టి బండ్ల మీద తెచ్చే ప్రభలు తాటిచెట్టు కంటే ఎత్తు. మా ఇంటి ముందు నుంచి ప్రభ పోతుంటే ఇంటి కప్పు మీద నీడ పాకేది. ఏటా నేను అరుగు మీద నిలబడి గొంతు పోయేలా అరిచేదాన్ని. ఆ ఏడు అరుగు మీదకే రాలేదు. అంత సందడిలోనూ పొద్దున పది గంటలప్పుడు మా గుమ్మం ముందు బండి ఆగిన చప్పుడు నాకు స్పష్టంగా వినపడింది.

తలుపు సందులోంచి చూశాను. గురజాల వాళ్ళు! నాయనమ్మ ముందు, వెనక వాళ్ళ నాన్న, చెల్లెలు, ఆయన. చెల్లెలి చేతిలో ఇత్తడి పళ్ళెం. పళ్ళెంలో కొబ్బరికాయ, పసుపు కొమ్ములు, అరటిపళ్ళు, చీర, రవికె గుడ్డ.

నాన్న కంగారుగా కుర్చీలు వేశాడు. "రండి, రండి. తిరునాళ్ళకి పోతున్నారా?"

"తిరునాళ్ళకీ వచ్చాం, మీ మాటకీ వచ్చాం," అంది నాయనమ్మ. "మీరు తాంబూలం పంపినాక మేం రాకపోతే ఏం మర్యాద?"

"మేం తాంబూలం పంపామా?"

"పంపకపోతే ఇదేందయ్యా?"

ఆవిడ కొంగు ముడి విప్పి కార్డు తీసింది. నాలుగు మూలలా పసుపు రాసి ఉంది. ఎర్ర మఖమల్ మీద కుంకుమ బొట్టు. "లవంగం గుచ్చిన ఆకు. పాణిగ్రహణం. జంట పక్షులు. చానా ముచ్చటగా ఉందయ్యా, మా వైపు ఇట్టాంటి ఆనవాయితీ చూళ్ళేదు. మీ పేటవాళ్ళ పద్ధతే వేరు. మా వాడు కొంచెం అటూ ఇటూ అన్నాడు గానీ, తాంబూలం ఇంటికొచ్చినాక కాదంటే అరిష్టం అని నేనే నోరు మూయించా," అంది. మా వాడంటే కొడుకన్నమాట. అబ్బాయి తండ్రి నేల చూపులు చూస్తున్నాడు.

తలుపు వెనక నా గుండె కొట్టుకోవడం అమ్మకి వినపడిందేమో, నా వైపు తిరిగి చూసింది. ఆ చూపు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. నాన్న కార్డు అందుకున్నాడు. అది మా ఇంటి కార్డేనని ఆయనకి తెలుసు. రెండు వారాలకి పైగా మా గూట్లో నిలబెట్టి ఉంది. కార్డు చూశాడు. తలుపు వంక చూశాడు. నేను దాక్కున్న సందు వంకే చూశాడు. కాదని ఆయన ఒక్క మాటంటే నా పని అయిపోయేది. శావల్యాపురం సంగతి సరే, ఊరంతా నా సంగతే చెప్పుకునేవాళ్ళు. ఇన్నాళ్ళూ కోర్టులో పనిచేసిన మనిషి, ఎదురుగా కాగితం పెట్టాక నెమ్మదిగా దాన్ని కళ్ళకద్దుకున్నాడు.

"అవునమ్మా. మేమే పంపాం," అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. అరుద్దామనీ అనిపించింది. రెండూ చెయ్యకూడదు కాబట్టి తలుపు గొళ్ళెం గట్టిగా పట్టుకున్నాను. అంత హడావిడిలోనూ మాస్టారు మాత్రం మాకందరికీ వీపు పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని, గోడ మీది నీటి మర చూస్తూ నిలబడ్డాడు. మనిషికి లోకంతో పనేలేదా అని కొంచెం చిరాకు కూడా పడ్డాను.

శావల్యాపురానికి నాన్నే వెళ్ళి చేతులు పట్టుకుని చెప్పుకుని వచ్చాడు. వాళ్ళు ఒక్క మాట కూడా అనలేదు. ఆ అబ్బాయికి ఆ వేసవిలోనే మంచి సంబంధం కుదిరింది. నన్ను నాన్న ఏమీ అడగలేదు, ఎప్పటికీ. శివరాత్రి నాడు తాంబూలాలయ్యాక, ఆ మధ్యాహ్నమే అందరం కలిసి కొండకి పోయాం. ఆ ప్రభల కింద, ఆ డప్పుల మధ్య, ఆయన బండికి అటు పక్క, నేను ఇటు పక్క. నా ఆనందానికి హద్దు లేదు. చెరుకు ముక్క నములుతూ చెల్లెల్ని మెల్లిగా కదిపాను, కార్డు వచ్చిన రోజు ఏం జరిగిందని. "ఏమో అక్కా, నేను నీళ్ళకెళ్ళా. వచ్చేసరికి ముసలమ్మ దాన్ని పళ్ళెంలో పెట్టుకుని కూర్చుంది," అంది. అంటే అంతా ఆ ముసలమ్మ కంటి చలవే. ఆయన దాన్ని సరిగా చూశాడో లేదో కూడా తెలియదు. ఆ ఒక్క ముల్లు నాలో మిగిలిపోయింది. నేను పంపింది చేరవలసిన మనిషికి చేరలేదు. ఆయన నాయనమ్మ మాట కాదనలేక నన్ను చేసుకున్నాడు.

దాని గురించి ఆయన్ని ఎప్పుడూ అడగలేదు. అడిగితే నా దొంగతనం బయటపడుతుంది. అన్నిటికీ నోరు పారేసుకునే దాన్ని, ఈ ఒక్కదానికి మాత్రం తాళం వేసుకున్నాను. పిల్లలు పుట్టారు, పెద్దవాళ్ళయ్యారు. కార్డు పెట్టె అడుగున పట్టు చీరల కింద ఉండిపోయింది.

ఆయన రిటైరయిన ఏడాది హైదరాబాదులో ఉన్న పెద్దబ్బాయి దగ్గరికి వెళ్ళాం. ఆయన పట్టుబట్టి మ్యూజియానికి తీసుకెళ్ళారు. బొమ్మల గదుల్లో ఆయనకి అలుపు రాదు, నాకు కాళ్ళు లాగుతాయి. యూరపు నుంచి తెచ్చిన అచ్చు బొమ్మలున్న గదిలో మాత్రం నాకూ ఉత్సాహం వచ్చింది. మా నీటి మరలాంటివే ఎన్నో! "అదిగో, రాగి పని. అదిగో, ఉల్టా చెక్కింది," అంటూ నేనే ముందు నడిచాను. ఒక్కసారిగా ఆగిపోయాను. కిటికీ పక్కన అద్దాల పెట్టెలో కాగితపు లేసు. మధ్యలో ఎర్ర తమలపాకు, పుల్ల. పక్కన చీటీ మీద తెలుగులో కూడా రాసి ఉంది: ప్రేమికులు పంపుకునే శుభాకాంక్షల కార్డు.

"పదండి, కాళ్ళు నొప్పులు," అన్నాను ఆయన చొక్కా పట్టుకుని.

ఆయన కదల్లేదు. కళ్ళజోడు పెట్టుకున్నారు. చేతులు వెనక్కి కట్టుకుని, మొహం అద్దానికి ఆనించేటంత దగ్గరగా వంగారు.

"మన తమలపాకు," అన్నారు.

"అవునండీ. తమలపాకే," అన్నాను.

"ఏమే, మద్రాసులో నాలుగేళ్ళు బొమ్మలు నేర్చుకున్నవాణ్ణి. గుండె బొమ్మకీ తమలపాకుకీ తేడా తెలియదనుకున్నావా?"

గోడ పక్కన కాపలా మనిషి స్టూలు ఖాళీగా ఉంటే దాని మీద కూర్చుండిపోయాను. "మరి ఆ రోజు? మీ నాయనమ్మ?" అన్నాను.

"ఆమె తమలపాకంది. ఎర్రగా ఉందేందిరా అంది. కుంకుమ అద్దారన్నా. కింద ఏం రాసుందిరా అంది."

"ఏం చెప్పారు?"

"తాంబూలం పంపుతున్నాం, పండగ రోజు వచ్చి అందుకోండి అని రాసుందని చదివా. నీ చీటీ జేబులో వేసుకున్నా."

గదిలో అందరూ తిరిగి చూసేట్టు అరిచాను. "ఎంత అబద్ధం! ఇన్నేళ్ళు నాతో ఎందుకు చెప్పలేదు?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నువ్వు తెలిసి పంపావో, ఆకనుకుని మా చెల్లికి ఆటకి పంపావో నాకేం తెలుసు? ఆటకి పంపినదాన్ని పట్టుకుని నీ పెళ్ళి మార్చేశానేమోనని భయం. శావల్యాపురంలో నీకు బాగుండేదేమో. అడిగితే ఔను, ఆటకేనంటావని అడగలేదు," అన్నారు.

నా ముల్లు నాది, ఆయన ముల్లు ఆయనది. ఒకే ఇంట్లో, ఒకే కంచం పక్కన. నాకు నవ్వు, కోపం, కన్నీళ్ళు ఒక్కసారే వచ్చాయి. దొరసాని సంగతి, తలుపు దగ్గరగా వేసి ఆవిడ చెప్పిన సంగతి, అంతా చెప్పేశాను. 'అందరికీ' కింద రెండు గీతలు ఎవరికోసం గీశానో కూడా చెప్పాను.

"ఆ రెండు లైన్లకి ఆవిడ తెలుగులో ఏమని చెప్పింది?" అని అడిగారు.

"నా హృదయము నీ యొద్దనే ఉన్నది. నీ చెయ్యి నాకు దయచేయుము."

ఆయన చెయ్యి చాపారు. స్టూలు మీంచి లేవడానికి సాయమనుకుని పట్టుకున్నాను. లేచి నిలబడ్డాక కూడా వదల్లేదు.